పదకొండో రోజు ఇచ్చిన డబ్బా

మొన్న మా వీధి చివర జీపీ సర్జరీలో, అంటే ఇక్కడ మామూలు డాక్టరు కూర్చునే చోట, మోకాలు చూపించుకోవడానికి కూర్చున్నాను. వెనక కుర్చీలో ఎవరో కళ్లజోడు పెట్టె మూశారు. ఇనప పెట్టె అయి ఉంటుంది, టక్కుమంది. అంతే, నా వీపు నిటారుగా అయిపోయింది. ఒళ్లో చేతులు వాటంతటవే ఒకదాని మీద ఒకటి చేరాయి. తిరిగి చూస్తే ఎవరో తెల్లాయన, ముసలాయన, నాకు ముక్కూ మొహం తెలియదు. కానీ నా ఒంటికి గుర్తొచ్చింది వేరే మనిషి. సరోజినక్క మాట మొదలుపెట్టే ముందు ఆ చప్పుడే వచ్చేది. జోడు తీసి పెట్టుకుని, పెట్టె మూసి, బల్ల మీద పెట్టేది. ఇక ఆ తర్వాత ఆ గదిలో ఎవరు ఏం మాట్లాడినా అది లెక్కే. ఊసుపోక అన్నాను, నోరు జారాను అంటే కుదరదు.

సరోజినక్క పోయి ఇది రెండో చలికాలం. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. దారిలో ఎదురైనా పట్టించుకునేవాళ్లు కాదు. పొట్టి మనిషి, బూడిదరంగు కోటు, చీర కింద పరుగుపందెం బూట్లు, భుజానికి గుడ్డ సంచి. కాకినాడ నుంచి వచ్చింది. భర్త ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరుగా చేసి చేసి కన్నుమూశాడు. ఆమె చేసిన పని ఇంకోటి. ఇంగ్లీషు రాని మనవాళ్లకీ, తెలుగు రాని వాళ్లకీ మధ్య కుర్చీ వేసుకుని, ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పడం. ఆసుపత్రుల్లో, పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో. ఇంటర్‌ప్రెటర్ అంటారు. నాకు సంతకం దాటి రాయడం రాదు. ఇదంతా నేను చెబుతుంటే లైబ్రరీలో పనిచేసే అమ్మాయి రాస్తోంది. మంచిగా ఉంటే ఆ పిల్లది, మోటుగా ఉంటే నాది.

మా ఆయన శేషయ్య ఇక్కడే కోవెంట్రీలో కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మొదటి భార్య పోయిన చాలా ఏళ్లకు, యాభై దాటాక నన్ను చేసుకున్నాడు. నాకప్పటికి నలభై నాలుగు. చీరాల దగ్గర మా అన్నల ఇంట్లో ఉండేదాన్ని. ఉండేదాన్ని అంటే, తెల్లవారకముందు లేచి పొయ్యి దగ్గర చేరితే పడుకునేటప్పుడు లేచేదాన్ని. చిన్నప్పుడే తాళి తెగిన ఆడదానికి అంతకన్నా ఏముంటుందని మా వదినలు అనేవాళ్లు. అలాంటిదాన్ని పెళ్లి చేసుకుని భార్యకిచ్చే వీసా మీద ఇక్కడికి తెచ్చుకున్నాడు. నాకంటూ ఒక తలుపు, ఆ తలుపుకొక తాళంచెవి ఇచ్చిన మనిషి. నాలుగేళ్లు గడిచాయో లేదో, నడుం నొప్పి అన్నాడు. ఫ్యాక్టరీలో బరువులెత్తాడు కదా, నడుం నొప్పే అనుకున్నాం.

సరోజినక్కను నేను మొదట చూసింది ఆ ఆసుపత్రి గదిలోనే. డాక్టరు ఏదో చెప్పాడు, ఆమె తెలుగులో చెప్పింది. జబ్బు ఎముకల్లోకి పాకిందట, కోసి తీసేది కాదట. ఆమె గొంతులో తడి లేదు, గరుకూ లేదు. నేను డాక్టరును వదిలేసి ఆమె చెయ్యి పట్టుకున్నాను. అమ్మగారూ, మీరు చెప్పండి, ఈయన బతుకుతాడా అని అడిగాను. ఆమె నా వైపు చూడకుండా డాక్టరు వైపు తిరిగి, నా ప్రశ్నను ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో ఆయనకు అప్పజెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. సాటి ఆడది, సాటి తెలుగు మనిషి, ఒక్క ధైర్యం మాట చెబితే దాని సొమ్మేం పోయిందని లోపల తిట్టుకున్నాను.

మందుల కోసం మా ఆయన లోపల ఆగితే నేను బయట బస్టాపులో కూర్చున్నాను. ఆమె వచ్చి పక్కన కూర్చుంది.

"కోపం వచ్చింది కదూ," అంది.

నేను బస్సు వచ్చే వైపు తిరిగాను.

"లోపల నేను నోరు మాత్రమే, కోటమ్మా. నోటికి సొంత అభిప్రాయం ఉంటే రోగికి ప్రమాదం. నేను ధైర్యం చెబితే అది డాక్టరు మాట అనుకుని ఇంటికెళతావు. రేపు జరగకపోతే ఎవరిని అడుగుతావు?"

అమ్మగారూ అని ఏదో అనబోయాను. నేనేం నీకు జీతమిచ్చేదాన్నా, అక్కా అను, అంది. ఆ తర్వాత అన్న మాట ఇంకా విచిత్రం. ఇక ముందు నీ పనులకు నేను రాను, వేరే వాళ్లను పంపమని చెబుతాను, ఇప్పుడు నువ్వు నాకు తెలిసినదానివి అయిపోయావు, తెలిసిన మనిషి మాట మార్చేటప్పుడు నాలుక వంకర పోతుంది, అంది. స్నేహం మొదలైన రోజే చేతిలో పని వదులుకున్న మనిషిని నేను ఎక్కడా చూడలేదు. దానికి బదులుగా గురువారం గురువారం తన ఇంటికి రమ్మంది. వంటింట్లో బల్ల ముందు కూర్చోబెట్టి మాకొచ్చిన ఉత్తరాలు చదవడం నేర్పింది. ఇక్కడి మున్సిపాలిటీ లాంటి కౌన్సిల్ ఉత్తరం, ఆసుపత్రి ఉత్తరం, కరెంటువాళ్ల ఉత్తరం. అక్షరాలు కూడబలుక్కుని ముందు ఎవరు రాశారో చూడు, తర్వాత ఏం కావాలంటున్నారో చూడు, ఆ తర్వాత ఎప్పటిలోగా అని చూడు. ఈ మూడూ దొరికితే మిగతాదంతా మర్యాద, చదవకపోయినా నష్టం లేదు, అనేది.

మా ఆయన ఆఖరి ఆరు నెలలు నేను చెప్పను. చూసినవాళ్లకు తెలుసు, చూడనివాళ్లకు వద్దు. ఒక్కటే చెబుతాను. ఒకరోజు మధ్యాహ్నం వెనక దొడ్లో షెడ్డులోంచి పొగ వాసన వచ్చింది. ఆ వాసన నాకు తెలుసు. మా ఊరికి వచ్చే బైరాగుల చిలుంలో ఉండేది. వెళ్లి చూస్తే మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. ఒళ్లో గుండ్రటి నీలం బిస్కెట్ల డబ్బా. మొహం మీద నొప్పి లేదు. ఎన్ని వారాలైందో ఆ మొహం చూసి. ఇదేంటయ్యా అన్నాను. ఇక్కడ డాక్టర్లే రాసిస్తున్నారు కోటమ్మా, తప్పు కాదు, అన్నాడు. అమెరికాలో ఉండే ఆయన మేనల్లుడు కూడా ఫోన్లో అదే అన్నాడు. మా దగ్గర దుకాణంలోనే అమ్ముతారు అత్తా, సంచిలో పెట్టి బిల్లు ఇస్తారు, అన్నాడు. పక్క రాష్ట్రంలో అదే సంచికి సంకెళ్లు వేస్తారని అతను చెప్పలేదు, నేను అడగలేదు. పైగా ఈ ఊళ్లో ఏ సందులో నడిచినా ఆ వాసనే. అంతమంది తాగుతుంటే తప్పెలా అవుతుందిలే అనుకున్నాను. ఎవరు తెచ్చిస్తున్నారని అడగలేదు. నిద్రపోయేవాడిని లేపి అడుగుతామా ఏం.

ఆయన పోయాడు. గుడి నుంచి పురోహితుడు వచ్చి పది రోజుల పనులూ చేయించాడు. పదకొండో రోజున గొడుగు, చెప్పులు, దుప్పటి అన్నీ ఇచ్చాక ఒక మాటన్నాడు. ఆయన వాడుకున్నవి, ఆయనకు సుఖమిచ్చినవి, అక్కర ఉన్నవాళ్ల చేతిలో పెట్టండమ్మా, దారిలో ఆయనకు ఆసరా అవుతాయి, అన్నాడు. నేను ఆ మాటను గట్టిగా పట్టుకున్నాను. ఆయనకు ఆఖరున సుఖమిచ్చింది ఏది? కోటా? వాచీయా? కాదు, నిద్ర. నిద్రనిచ్చింది ఏది? అలమారలో ఉన్న ఆ నీలం డబ్బా. దానిలో సగానికి కొంచెం తక్కువ మిగిలి ఉంది. అక్కర ఎవరికుంది? మా ఆయనతో ఫ్యాక్టరీలో పనిచేసిన నరసింహం అన్నయ్యకుంది. ఆయనకు వెన్నుకు ఆపరేషన్ అయ్యాక కాలంతా నిప్పులు పోసినట్టు ఉంటుందట, కునుకు పట్టదట. భోజనానికి వచ్చినవాణ్ణి పక్కకు పిలిచి, అరచేతిలో నీళ్లు వదిలి, శేషయ్య పేరు చెప్పి ఆ డబ్బా చేతిలో పెట్టాను. అన్నయ్య కళ్లకద్దుకుని తీసుకున్నాడు. నా జన్మలో ఇంత సరైన దానం చేయలేదని ఆ రోజు కడుపు నిండిపోయింది.

ఆ తర్వాత వచ్చిన గురువారం అక్క ఇంటికి వీసా ఫారం పట్టుకుని వెళ్లాను. భర్త పోయినవాళ్లు ఇక్కడే ఉండిపోవడానికి పెట్టుకునే ఫారం. అక్క ముందే హద్దు గీసింది. నేను చదివి తెలుగులో వినిపిస్తాను, అంతవరకే, లైసెన్సు లేకుండా వీసా సలహా చెబితే ఇక్కడ అది నేరం, సలహాకు లాయరు దగ్గరికే వెళ్లాలి, అంది. జోడు పెట్టుకుంది, పెట్టె మూసింది, చదవడం మొదలుపెట్టింది. ఎప్పుడైనా శిక్ష పడిందా, పోలీసులు హెచ్చరించారా, జరిమానా వేశారా, ఇలా వరసగా ఉన్నాయి ప్రశ్నలు. నాకు నవ్వొచ్చింది. నేరాలు చేసే మొహమా అక్కా ఇది, మొన్ననే మా ఆయన మిగిల్చిన గంజాయి కూడా వృథా చేయకుండా నరసింహం అన్నయ్యకు దానమిచ్చాను, అన్నాను.

అక్క కలం కింద పెట్టింది. స్టవ్ మీద పాలు పొంగుతున్నా లేవలేదు. నేనే లేచి కట్టేశాను.

"మళ్లీ చెప్పు," అంది. "ఏమీ కలపకు, ఏమీ తీయకు."

మళ్లీ చెప్పాను. రెండోసారి చెబుతున్నప్పుడు నా మాటలు నాకే వేరేగా వినిపించాయి. ఏమైందక్కా, ఊళ్లో అందరూ తాగుతున్నారు కదా, డాక్టర్లు కూడా రాస్తారట కదా, అన్నాను.

"రాయొచ్చు. దానికంటూ చదువుకున్న పెద్ద డాక్టరు, ఒక మనిషికి, ఆ మనిషి పేరు మీద రాయొచ్చు. మందు మీద ఆ పేరుతో చీటీ ఉంటుంది. మీ ఆయన డబ్బా మీద ఏ చీటీ ఉంది?"

"బిస్కెట్ల చీటీ ఉందక్కా."

ఆమె నవ్వలేదు. నెమ్మదిగా చెప్పింది. ఇది తన సలహా కాదట, కోర్టుల్లో కూర్చుని కూర్చుని చెవిన పడ్డదట. ఈ దేశంలో గంజాయిని బి తరగతి మత్తుమందు అంటారట. దగ్గర పెట్టుకుంటే ఒక తప్పు. కొంచెం దొరికితే హెచ్చరించి వదిలేయొచ్చు, జరిమానా కాగితం చేతిలో పెట్టొచ్చు, కోర్టుకూ లాగొచ్చు, అయిదేళ్ల దాకా జైలు కూడా వేయొచ్చు. అంత వేస్తారని కాదు, వేసే వీలుంది. వదిలేయడం వాళ్ల దయ, మన హక్కు కాదు. మన ఇంట్లో ఒకరు కాలుస్తుంటే తెలిసీ ఊరుకోవడం ఇంకో తప్పు. ఇంకొకరికి ఇవ్వడం మాత్రం దగ్గర పెట్టుకోవడం కన్నా చాలా పెద్దది, దానికి పద్నాలుగేళ్ల దాకా రాసి పెట్టి ఉందట.

"అమ్మలేదక్కా. పుణ్యానికిచ్చాను."

"అమ్మావా అని అడగరు. ఇచ్చావా అని అడుగుతారు. పుణ్యం రాసుకోవడానికి వాళ్ల కాగితంలో గడి లేదు, కోటమ్మా."

భయంతో ఫారం మడిచి సంచిలో పెట్టేశాను. పద్నాలుగేళ్లని కాదు. అంత పెద్ద లెక్క నా బుర్రకు ఎక్కలేదు. నాకు కనిపించింది మా అన్నల వంటిల్లు. మసిబారిన గోడ, కొక్కేనికి వేలాడే చిక్కం, నేను పడుకునే మూల. పోలీసు రికార్డుంటే ఈ దేశం ఉండనివ్వదు. ఉండనివ్వకపోతే ఇక నేను చేరేది ఆ మూలకే.

అప్పుడు అక్క తన సంగతి ఒకటి చెప్పింది. ఎవరో, ఎక్కడో, ఎప్పుడో చెప్పనంది. ఒకతను తనకూ స్నేహితుడికీ కలిపి కొంచెం గంజాయి తెచ్చుకున్నాడట. పట్టుబడ్డాడు. లాయరును పిలుస్తామంటే అక్కర్లేదన్నాడట, నిజం చెప్పేవాడికి లాయరెందుకని. స్నేహితుడి భాగం ఎలా వెళ్లిందని అడిగితే, నా చేత్తో నేనే ఇచ్చానని కాస్త గొప్పగా కూడా అన్నాడట, స్నేహం అంటే అది కదా అన్నట్టు. ఆ మాటను ఇంగ్లీషులో పెట్టింది అక్కే. దానితో దగ్గర పెట్టుకున్నవాడు కాస్తా ఇంకొకరికి ఇచ్చినవాడయ్యాడు. వాడు తీసుకున్నాడు అని కొద్దిగా పక్కకు జరిపితే ఎవరికీ తెలిసేది కాదు. జరపలేదు. జరపకూడదు. "సరిగ్గానే చెప్పాను," అంది అక్క, "ఆ సరిగ్గా చెప్పిన మాట ఇప్పటికీ గొంతులోనే ఉంది." ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే. అందుకే నువ్వు ఎవరితోనూ ఒక్క మాట కూడా అనకముందు లాయరుతో మాట్లాడు, అంది.

మర్నాడు అక్క ఇంటి నుంచి చేస్తే లాయరు ఫోన్లో దొరికింది. ఎవరో అమ్మాయి, గొంతు చిన్నది. నా తరఫున మాట్లాడమని అక్క కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆమె తన నియమం తప్పలేదు. ఫోన్లో వేరే ఇంటర్‌ప్రెటర్‌ను కలపమని చెప్పి, తను దొడ్లోకి వెళ్లి ఎండుటాకులు ఊడుస్తూ కూర్చుంది. కలిసినాయన కరీంనగర్ వైపు మనిషి. "ఎంత ఇచ్చిన్రమ్మా?" అన్నాడు. బిస్కెట్ల డబ్బాలో సగానికి తక్కువ అన్నాను. ఆయన అది ఇంగ్లీషులో అప్పజెప్పాడు, లాయరు ఏదో అడిగింది. "డబ్బా ఎంతుంటదమ్మా?" అన్నాడు. ఫోను స్పీకరు మీద ఉంది, అంత భయంలోనూ, తెరిచిన కిటికీలోంచి అక్క వీపు కదలడం చూశాను. నవ్వుతోందని అర్థమైంది.

లాయరు చెప్పింది ఇది. నాకై నేను పోలీసుల దగ్గరికి వెళ్లి చెప్పుకోవాలన్న నిర్బంధం లేదు. కానీ ఆ సరుకు అక్కడ ఉండకూడదు, ఎవరూ వాడకూడదు, సంచిలో వేసుకుని వీధుల్లో తిప్పకూడదు. ఎవరి దగ్గరుందో వాళ్లే, ఉన్నచోటనే నాశనం చేయడం మంచిది. ఎవరైనా పిలిచి అడిగితే మాత్రం ముందు నాకు ఫోన్ చెయ్యి, అబద్ధం ఆడకు, అంది. ఫారం సంగతి ప్రశ్న ప్రశ్నా తను చూస్తానంది. అడిగినదానికి నిజం రాద్దాం అంది. ఫోన్ పెట్టేశాక కొంచెం ఊపిరి ఆడింది. కొంచెమే. ఎందుకంటే అసలు చిక్కు అప్పుడే కళ్లముందుకొచ్చింది. నీళ్లు వదిలి ఇచ్చిన దానాన్ని వద్దని చెప్పడం ఎలా? ఇచ్చి తిరిగి తీసుకున్నవాళ్లకు ఏ గతి పడుతుందో చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని. పైగా అది నా పుణ్యం కాదు, మా ఆయన దారి బత్తెం.

శనివారం నరసింహం అన్నయ్య ఇంటికి వెళ్లాను. అక్క తోడొచ్చింది కానీ ముందే చెప్పింది, అక్కడ నేను నోరు విప్పను, నీ మాట నువ్వే చెప్పుకో, అని. సోఫా మూల కూర్చుని టీ పుచ్చుకుంది. అన్నయ్య భార్య భారతి వదిన కూడా ఉంది. ఆమె స్కూలు వంటశాలలో పిల్లలకు వడ్డించే పని చేస్తుంది. డబ్బా సంగతి ఆమెకు తెలియదని నాకు అక్కడికి వెళ్లాకే తెలిసింది.

అన్నయ్యా, ఆ డబ్బా విషయం మాట్లాడటానికొచ్చాను, అన్నాను. ఆయన మొహం ముడుచుకుంది.

"తిరిగి ఇమ్మంటావా? శేషయ్య పేరు చెప్పి పెట్టావమ్మా. పెట్టిన చెయ్యి మళ్లీ చాపుతారా ఎవరైనా?"

"చాపను అన్నయ్యా. నా చెయ్యి నా ఒళ్లోనే ఉంది, చూడు."

ఏం డబ్బా అంది వదిన. ఆమె మా ముగ్గురి మొహాలూ చూసి, సగం తనే అర్థం చేసుకుంది. "నేను రోజూ పిల్లల కంచాల్లో అన్నం పెట్టి వస్తున్నానయ్యా," అంది, అంతే అంది. ఆయన తల దించుకున్నాడు. నాలుగు రాత్రులు నిద్రపోయాను, నాలుగే, ఎన్నాళ్ల తర్వాతో, అన్నాడు. అది విని నా గుండె చెరువైంది. నిద్ర విలువ నాకు తెలియకనా? ఒక్క క్షణం లేచి వెళ్లిపోదామనిపించింది. అక్క వైపు చూశాను. అక్క టీ కప్పులోకి చూస్తోంది. సాయం అక్కణ్నుంచి రాదని తెలిసి, నా మాట నేనే ఏరుకున్నాను.

"నీకు నిద్ర వచ్చింది నిజం. అది నీ దగ్గర ఉండటం తప్పన్నదీ నిజం. పట్టుకుంటే ఎవరిచ్చారని అడుగుతారు. నువ్వు అబద్ధం చెప్పలేవు, చెప్పమని నేనూ అనను. నిజం చెబితే నేను మా అన్నల వంటింట్లో తేలతాను. చెప్పాల్సింది ఇదే అన్నయ్యా. అది నీ సొమ్ము. ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

అన్నయ్య కుర్చీ చేతులు నొక్కి లేచాడు. గోడ పట్టుకుని మెట్లెక్కి పైకి వెళ్లాడు. వదిన కూడా వెళ్లి బాత్రూం గడప దగ్గర నిలబడింది. కిందికి ఆయన గొంతు వినబడింది. "నాకు ముట్టింది శేషయ్యా. ముట్టింది. ఇక నువ్వు సుఖంగా పో," అన్నాడు. ఆ వెంటనే టాయిలెట్లో నీళ్లు వదిలిన చప్పుడు. తొట్టి నిండేదాకా ఆగి, మళ్లీ. ఇంకోసారి కూడా. ఖాళీ డబ్బాను వదిన వంటింటి సింకులో వేసి సబ్బుతో తోముతుంటే, పక్కన నిలబడి నేను ఏడ్చాను. భయం పోయిన ఏడుపు అది. ఇచ్చింది ఇచ్చినట్టే ఉంది, పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నట్టే ఉన్నాడు, ఆ సరుకు మాత్రం లోకంలో లేదు. మా ఆయన దారికీ అడ్డం లేదు, నా దారికీ లేదు.

బస్సులో అక్క అంది, "ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు." జీవితంలో నాకు ఎవరైనా మార్కులు వేశారంటే అవే. ఆ వచ్చిన గురువారాన వదిననూ కూర్చోబెట్టుకుని అన్నయ్య జీపీకి ఉత్తరం రాయించింది. నిద్ర లేదని, కాలు ఎక్కడెక్కడ మండుతుందో, ఎప్పటి నుంచో, అన్నీ ఆయన మాటల్లోనే. కొన్ని నెలలకు నొప్పులు చూసే క్లినిక్‌కు పిలిచారు. వేరే మాత్రలు, ఏవో వ్యాయామాలు. పూర్తిగా తగ్గలేదు. వారంలో సగం రాత్రులు పడుకుంటున్నాడని వదిన చెబుతుంది.

ఫారం లాయరు చేతుల మీదుగా వెళ్లింది. జవాబు వచ్చిన కాగితం పట్టుకుని అక్క ఇంటికి పరిగెత్తాను. చదవమని చేతిలో పెడితే తీసుకోలేదు. నువ్వే చదువు, మూడూ వెతుకు, అంది. వేలు పెట్టుకుని కూడబలుక్కున్నాను. ఎవరు రాశారో దొరికింది. ఏం రాశారో దొరికింది, ఉండొచ్చు అన్నారు. ఎప్పటిలోగా అన్నది మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. గడువు కనబడటం లేదక్కా, ఎక్కడో పోగొట్టాను, అన్నాను. అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "లేదు కాబట్టి కనబడలేదు," అంది. "గడువు లేదు. అదే ఆ ఉత్తరం." నేను నేల మీద కూలబడి ఆమె మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను. ఆ రోజు ఇద్దరం పులిహోర చేసుకుని తిన్నాం. ఇంగువ ఎక్కువైంది. అయినా గిన్నె ఖాళీ చేశాం.

అక్కకు జబ్బు చేసినప్పుడు, రీడింగ్ అనే ఊళ్లో ఉండే ఆమె కొడుకు వారం వారం వచ్చేవాడు, మిగతా రోజులు నేను చూసుకున్నాను. ఆఖరికి ఆమెకూ నొప్పులొచ్చాయి. డాక్టర్లు మార్ఫిన్ సీసా రాసిచ్చారు, దాని మీద ఆమె పేరు, ఎంత వేయాలో చీటీ, అన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆమె పోయిన వారానికి కొడుకు ఇల్లు సర్దుతూ, పుస్తకాలు ఒకరికి, చీరలు ఒకరికి పంచుతున్నాడు. మంచి పిల్లాడు, పెద్ద కంపెనీలో పని. ఆ సీసా నా ముందు పెట్టాడు. ఇంకా సగం ఉంది ఆంటీ, పారేయడమెందుకు, నరసింహం అంకుల్‌కు ఇవ్వండి, ఆయనకు పనికొస్తుంది కదా, అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నేను ఏ ప్రేమతో డబ్బా ఇచ్చానో అదే ప్రేమ. ఇది మీ అమ్మ పేరు మీద రాసింది నాయనా, మీ అమ్మతోనే అయిపోవాలి, అన్నాను. అతనికి వెంటనే అర్థం కాలేదు. కూర్చోబెట్టి చెప్పాను, ఉంచుకోవడం ఏంటో, ఇవ్వడం ఏంటో. సంతకం దాటి రాయడం రాని నేను, అంత చదువుకున్నవాడికి.

ఆ సాయంత్రమే సీసా పట్టుకుని మందుల దుకాణానికి నడిచి వెళ్లాను. ఎవరినీ తోడు తీసుకెళ్లలేదు. కౌంటరు దగ్గర అమ్మాయికి నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. ఇది వాడే మనిషి చనిపోయింది, నాకు వద్దు, ఎవరికీ వద్దు, మీరు పారేయండి, అని. ఆ అమ్మాయి పేరు చదివి, సారీ అని, రెండు చేతులతో తీసుకుని లోపలికి పట్టుకెళ్లింది. ఇంకే ప్రశ్నా లేదు. బయటకు వచ్చాక చాలాసేపు అక్కడే పేవ్‌మెంటు మీద నిలబడ్డాను. ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను.

ఇప్పటికీ నేను ఇస్తూనే ఉంటాను. పచ్చళ్లిస్తాను, కొత్తగా వచ్చిన చదువుకునే పిల్లలకు దుప్పట్లిస్తాను. తలనొప్పికి మాత్ర ఉంటే ఒకటి ఇవ్వు ఆంటీ అని వాళ్లడిగితే మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. అది భయం కాదు. ఎవరికి, ఏది, నేను ఇవ్వొచ్చా అని చెయ్యి తనంతట తనే అడిగి చూసుకుంటుంది. సరే అనిపిస్తే ఇస్తాను. కాదనిపిస్తే కోటు వేసుకుని, ఆ పిల్లను వెంటబెట్టుకుని మందుల దుకాణానికి నడుస్తాను. దారిలో చలి, వాన, నా మోకాలు. అయినా నడుస్తాను.